ఆనవాలు అడిగిన గొంతు: క్రెడిట్ కార్డు ఫోను తనిఖీల పూర్వచరిత్ర

వ్యాససంగ్రహం:
తపాలాలో వచ్చిన కొత్త క్రెడిట్ కార్డును వాడుకలోకి తెచ్చుకోవాలంటే ఖాతాదారుడు ఒక నంబరుకు ఫోను చేసి, కొన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పి, తాను తానేనని రుజువు చేసుకోవాలి. కంప్యూటర్ల కాలంలో పుట్టినట్లు కనిపించే ఈ ఆచారానికి పాత మూలాలున్నాయి. కావ్యాలలోని అభిజ్ఞానం, హుండీ వ్యాపారుల కట్టుబాట్లు, నిరక్షరాస్యుల కోసం పందొమ్మిదవ శతాబ్దపు బ్యాంకులు రాసుకున్న పుస్తకాలు, వేలిముద్ర వీటిలో ముఖ్యమైనవి. ఆ మూలాలను, ఫోను తనిఖీ రూపుదిద్దుకున్న పరిస్థితులను, తెలుగువారి పేర్లకూ పుట్టినతేదీలకూ ఈ ప్రశ్నలతో ఏర్పడిన పేచీని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అభిజ్ఞానం, చేవ్రాలు, వేలిముద్ర, హుండీ, క్రెడిట్ కార్డు, ఇంటిపేరు, ఓటీపీ.

1. ఉంగరానికి ముందు ప్రశ్న

వాల్మీకి రామాయణం సుందరకాండలో హనుమంతుడు అశోకవనంలోని సీతను పలకరించిన ఘట్టం తెలుగువారికి కొత్తది కాదు. ఉంగరం ఇవ్వడమే ఆ ఘట్టానికి గుర్తుగా మిగిలిపోయింది. అయితే ఉంగరం వెంటనే బయటికి రాలేదు. ఎదుట నిలిచినవాడు మారువేషంలోని రావణుడేమోనని సీతకు అనుమానం కలుగుతుంది. రాముడు నీకెలా తెలుసు, రామలక్ష్మణుల శరీర లక్షణాలేమిటి అని ఆమె అడుగుతుంది. హనుమంతుడు ఒక్కొక్కటిగా వర్ణించి చెప్పిన తరువాతనే ఉంగరం చేతులు మారుతుంది. తిరుగు ప్రయాణంలోనూ ఇదే పద్ధతి. సీత చూడామణి ఇస్తుంది. దానితోపాటు చిత్రకూటంలో జరిగిన కాకాసుర వృత్తాంతాన్నీ, మణిశిలతో రాముడు తనకు తిలకం దిద్దిన సంగతినీ చెప్పి పంపుతుంది. మణిని ఎవరైనా దొంగిలించవచ్చు. ఆ ముచ్చట మాత్రం ఆ ఇద్దరికే తెలుసు.

నేటి భద్రతాశాస్త్రం గుర్తింపు సాధనాలను చేతిలో ఉన్నది, మనసుకు తెలిసినది, దేహంలో ఉన్నది అని మూడు విధాలుగా చెబుతుంది. సుందరకాండలో ఈ మూడూ కనిపిస్తాయి. ఒక సాధనం చాలదని, రెండు కలవాలని అక్కడి పాత్రలకు తెలుసు. కాళిదాసు శాకుంతలంలో ఉన్నది ఒక్కటే సాధనం. దుష్యంతుని పేరు చెక్కిన ఆ ఉంగరం నీటిలో జారిపోవడంతో శకుంతల చెప్పిన జ్ఞాపకాలేవీ సభలో చెల్లలేదు. అదే ఉంగరం జాలరి చేతిలో దొరికినప్పుడు రక్షకభటులు అతణ్ణి దొంగగా పట్టుకున్నారు. ఆనవాలు ఒకచోట, దాని హక్కుదారు మరొకచోట ఉండిపోవడం ఆ నాటకంలోని చిక్కు. తపాలాలో దారితప్పిన కార్డు విషయంలో బ్యాంకులు ఎదుర్కొన్న చిక్కు కూడా ఇదే.

2. చేవ్రాలు, దస్కతు, వేలిముద్ర

సంతకానికి తెలుగులో ఉన్న పాత మాట చేవ్రాలు. చేతితో రాసిన రాత అని దాని అర్థం. పారశీకం నుండి వచ్చిన దస్కతు కూడా సరిగ్గా అలాగే ఏర్పడింది. దస్త్ అంటే చేయి, ఖత్ అంటే రాత. రెండు భాషలూ మనిషి గుర్తింపును చేతిలోనే చూశాయి. మరి చేతికి రాత రానివారి సంగతేమిటి? వారు గీతో, శిలువ గుర్తో పెట్టేవారు. దానిని నిశానీ అన్నారు. ఆ నిశానీకి విలువ తెచ్చింది పక్కన ఉన్న సాక్షుల చేవ్రాళ్ళే.

దూరదేశాలకు డబ్బు పంపిన హుండీ వ్యాపారులు ఈ సమస్యను ఎంతో నేర్పుగా ఎదుర్కొన్నారు. పేరు రాసిన వ్యక్తికే చెల్లించవలసిన హుండీ నామ్‌జోగ్. బజారులో పరువున్న షాహుకారు ద్వారా వస్తేనే చెల్లించవలసినది షాహ్‌జోగ్. ఈ రెండవ రకంలో, తెచ్చినవాడెవరన్న విచారణ భారం బజారు పరపతి మీద పడుతుంది. సొమ్ము అంకెను దిద్దకుండా ఉండేందుకు మొత్తంలో సగమెంతో రాసి, దానికి రెట్టింపు అని మళ్ళీ రాసేవారు. హుండీ పోతే పేఠ్, అదీ పోతే పరపేఠ్ అనే మారుపత్రాలు ఉండేవి. పోయిన కార్డుకు బదులు కార్డు ఇచ్చే నేటి పద్ధతికి ఇవి పూర్వరూపాలు.

వేలిముద్ర కథ వేరు. 1858 జూలైలో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే కంపెనీ ఉద్యోగి, రోడ్డు సామగ్రి సరఫరాకు ఒప్పుకున్న రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. రాత రాదని కాదు, రేపు ఈ సంతకం నాది కాదని బుకాయించకుండా భయపెట్టడానికి. తరువాత 1877లో హుగ్లీలో పింఛనుదారుల విషయంలోనూ, దస్తావేజుల నమోదులోనూ, జైలులోనూ హెర్షెల్ వేలిముద్రలను వాడాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ఆ వర్గీకరణ పద్ధతిని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల శ్రమ ఉన్నా పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. అక్షరం వచ్చినవాడిని కట్టిపడేయడానికి పుట్టిన సాధనం తెలుగునాట చివరికి చదువురానివాడిని ఎత్తిపొడిచే మాటగా మారింది. ‘వాడు వేలిముద్రగాడు’ అనే తేలికపాటి మాట వెనుక ఈ తలకిందుల చరిత్ర ఉంది.

3. పడవ పేరు, యజమాని పేరు

ఫోనులో అడిగే ప్రశ్నలకు అసలైన పూర్వీకులు న్యూయార్కులో దొరుకుతాయి. ఐర్లండు కరువు నుండి తప్పించుకు వచ్చిన వలసజనం కోసం 1850లో అక్కడ ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు మొదలైంది. ఖాతాదారులలో సంతకం చేయలేనివారు ఎందరో. ఒకే పేరు గలవారూ ఎందరో. అందుకని బ్యాంకు గుమాస్తాలు ‘పరీక్షా పుస్తకాలు’ తెరిచారు. ఖాతా తెరిచేటప్పుడే ఆ మనిషి ఏ ఊళ్ళో పుట్టాడు, ఏ పడవలో ఎప్పుడు దిగాడు, తల్లిదండ్రులెవరు, భార్యాపిల్లలెవరు అని అడిగి రాసుకునేవారు. డబ్బు తీసుకోవడానికి వచ్చినప్పుడు వాటిలో నుండి ప్రశ్నించేవారు. ఆ మనిషి జీవితకథే అతని తాళంచెవి అయింది.

అంతర్యుద్ధం ముగిసే రోజులలో, 1865 మార్చిలో, బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతి ప్రజల కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకును స్థాపించారు. దాని ఖాతా పుస్తకాలలో వయసు, పుట్టినచోటు, ఒంటిరంగు, కుటుంబసభ్యుల పేర్లతోపాటు, తొలి సంవత్సరాలలో పాత యజమాని పేరు, తోట పేరు కూడా రాశారు. తనను కొన్నవాడి పేరు చెప్పి తన డబ్బు తాను తీసుకోవలసిన స్థితి అది. బ్యాంకు 1874లో కూలిపోయింది. ఎందరో కష్టార్జితం పోగొట్టుకున్నారు. కానీ ఆ పుస్తకాలు మిగిలాయి. అమ్మకాలలో చెల్లాచెదురైన కుటుంబాల వంశవృక్షాలను వారి మునిమనుమలు ఇప్పుడు వాటిలో వెతుక్కుంటున్నారు. భద్రతాప్రశ్నకు జవాబుగా రాసుకున్నది కాలక్రమంలో ఒక జాతి చరిత్రకు ఆధారపత్రమైంది. ఆ గుమాస్తాలు ఇది ఊహించి ఉండరు.

4. కవరులో సిద్ధంగా ఉన్న అప్పు

1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో దాదాపు 60,000 మందికి, వారు అడగకుండానే, బ్యాంక్‌అమెరికార్డు అనే కార్డులను తపాలాలో పంపింది. ఆ కార్డులు కవరు విప్పిన క్షణం నుండే పనిచేస్తాయి. కవరు ఎవరు విప్పారన్నది ఎవరూ అడగలేదు. బాకీల ఎగవేత నూటికి నాలుగు పాళ్ళు ఉండవచ్చని బ్యాంకు అంచనా. జరిగింది ఇరవై రెండు పాళ్ళు. దొంగవాడకమూ విస్తరించింది. ఆ పథకానికి సూత్రధారి అయిన జోసెఫ్ విలియమ్స్ మరుసటి ఏడాదే బ్యాంకు విడిచిపెట్టవలసి వచ్చింది. విచిత్రమేమంటే బ్యాంకు ఆ వ్యాపారాన్ని వదలలేదు. కొన్నేళ్ళలో లాభాలు చూసింది. 1976లో వీసాగా పేరు మార్చుకున్న వ్యవస్థ అదే.

ఫ్రెస్నో పాఠాన్ని మిగతా బ్యాంకులు చదవలేదు. 1966లో క్రిస్మస్ పండుగకు ముందు షికాగో ప్రాంతపు బ్యాంకులు పోటీపడి లక్షలాది కార్డులను పంపాయి. పసిపిల్లల పేర్లమీద, చనిపోయినవారి పేర్లమీద కూడా కార్డులు వెళ్ళాయి. తపాలా సంచుల నుండే కార్డులు మాయమయ్యాయి. తాను చూడని కార్డుమీద, తాను కొనని సరుకులకు బిల్లు అందుకున్న కుటుంబం, ఆ కొనుగోలు మాది కాదని రుజువు చేసుకోవలసి వచ్చింది.

ఆ గొడవ చివరికి చట్టసభకు చేరింది. 1970 అక్టోబరులో అమెరికా చట్టం మూడు సంగతులు తేల్చింది. కోరనిదే ఎవరికీ కార్డు పంపరాదు. దొంగవాడకం జరిగితే ఖాతాదారుని బాధ్యత 50 డాలర్లు దాటరాదు. ఆ కొద్ది బాధ్యత కూడా కార్డును ఖాతాదారుడు అంగీకరించి ఉన్నప్పుడు, వాడుతున్నది హక్కుదారేనా అని గుర్తుపట్టే పద్ధతిని కార్డు ఇచ్చిన సంస్థ కల్పించినప్పుడు మాత్రమే. ఫోను తనిఖీకి న్యాయశాస్త్రపు పునాది ఈ మూడవ అంశంలో ఉందని చెప్పడం అతిశయోక్తి కాదు. నష్టం బ్యాంకు నెత్తిన పడినప్పటి నుండే ‘నీవెవరు?’ అన్న ప్రశ్నకు బ్యాంకులో శ్రద్ధ పుట్టింది. ప్రజలమీద ప్రేమతో భద్రత పెరిగిందనే ప్రచార సాహిత్యాన్ని చరిత్ర సమర్థించదు.

5. ఫోను చేసిన ఇల్లు

కోరినవారికే పంపినా దారిలో దొంగతనం ఆగలేదు. కార్డు సంస్థలు తమ లెక్కల్లో దీనికి ‘చేరని కార్డుల మోసం’ అని ప్రత్యేకంగా పద్దు కేటాయించాయి. దీనికి విరుగుడుగా 1990ల నాటికి ఒక ఉపాయం వాడుకలోకి వచ్చింది. కార్డును నిద్రావస్థలో పంపడం, మేల్కొలపడానికి ఖాతాదారుడి చేత ఫోను చేయించడం. కార్డు ముఖాన చిన్న కాగితం అతికించి దానిమీద నంబరు అచ్చువేశారు. ‘మీ ఇంటి ఫోను నుండే చేయండి’ అన్న సూచన అందులో ముఖ్యమైన మాట.

దాని వెనుక ఉన్న యంత్రాంగం తెలుసుకోదగినది. 1967 నుండి అమెరికాలో ఉన్న ఉచిత ఫోను నంబర్లకు ఖర్చు పెట్టుకునేది పిలుపు అందుకునేవాడు. ఏ నంబరు నుండి వచ్చిన పిలుపుకు తాను డబ్బు కడుతున్నాడో తెలుసుకునే హక్కు అతనికి ఉంటుంది. అందుచేత బిల్లు లెక్కల కోసం ఫోను సంస్థలు తమలో తాము పంపుకునే నంబరు సమాచారం అతనికి అందుబాటులోకి వచ్చింది. బ్యాంకు కంప్యూటరు ఆ నంబరును దరఖాస్తులో రాసిన ఇంటి నంబరుతో పోల్చేది. సరిపోతే రెండు మూడు అంకెలు నొక్కించుకుని కార్డును మేల్కొలిపేది. సరిపోకపోతే పిలుపును మనిషికి అప్పగించేది. అప్పుడు ప్రశ్నలు మొదలయ్యేవి. పుట్టినతేదీ, సోషల్ సెక్యూరిటీ సంఖ్యలో చివరి నాలుగంకెలు, తల్లి పుట్టింటి పేరు. తపాలా దొంగకు కార్డు దొరకవచ్చు గాని ఆ ఇంటి గోడకున్న ఫోను దొరకదన్నది ఈ ఏర్పాటులోని నమ్మకం. అక్కడ గుర్తింపు పొందింది మనిషి కాదు, ఇల్లు.

సెల్‌ఫోను వచ్చి ఇంటికీ నంబరుకూ ఉన్న ముడిని విప్పేసింది. పిలుస్తున్న నంబరును మార్చి చూపించే దొంగవిద్య ఎంత వ్యాపించిందంటే, 2010 డిసెంబరులో దానిని అరికట్టడానికి అమెరికా ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. ప్రశ్నల సంగతీ అంతే. సోషల్ సెక్యూరిటీ కార్డుల మీద 1946 నుండి 1972 వరకు ‘గుర్తింపు కోసం కాదు’ అని అచ్చువేసేవారు. ఆ హెచ్చరికను ఎవరూ లక్ష్యపెట్టలేదు. 2017లో ఈక్విఫాక్స్ సంస్థ నుండి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు బయటికి పొక్కాయి. వాటిలో పుట్టినతేదీలు, ఆ సంఖ్యలు కూడా ఉన్నాయి. కాకాసురుని కథ లంకలో అందరికీ తెలిసిపోయినట్లయింది.

6. మేనమామ ఇంటిపేరు రహస్యమా?

తల్లి పుట్టింటి పేరు రహస్యమన్న భావన పాశ్చాత్య సమాజంలోనిది. పెళ్ళితో స్త్రీ పాత పేరు కనుమరుగయ్యే చోట, ఊళ్ళు మారి బతికే చోట, అది బయటివారికి తెలియకపోవచ్చు. అక్కడ కూడా అది గట్టి రహస్యం కాదు. 2005లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు టెక్సాస్ రాష్ట్రపు బహిరంగ జనన, వివాహ పత్రాల నుండే లక్షలమంది తల్లుల పుట్టింటి పేర్లను కనిపెట్టవచ్చని చూపించారు.

భారతీయ బ్యాంకులు తమ దరఖాస్తులలో ఆ ప్రశ్నను యథాతథంగా దించుకున్నాయి. తెలుగు కుటుంబంలో తల్లి పుట్టింటి పేరు అంటే మేనమామ ఇంటిపేరు. అది శుభలేఖలో అచ్చవుతుంది. మేనరికాలు చేసుకునే కుటుంబాలలో తల్లి పుట్టింటి పేరూ భార్య పుట్టింటి పేరూ ఒకటే కావచ్చు. పెళ్ళిపందిట్లో వధూవరుల గోత్రప్రవరలు, తాతముత్తాతల పేర్లు మూడేసి తరాల దాకా సభకంతటికీ వినిపించేలా పురోహితుడు చదువుతాడు. ఒక సమాజం గొప్పగా చాటుకునే సమాచారాన్ని మరొక సమాజపు అచ్చుకాగితం గుట్టుగా భావించింది. ఊరిలో ఎవరిని అడిగినా చెప్పే విషయం తాళంచెవి ఎలా అవుతుంది?

పుట్టినతేదీది మరో రకమైన పేచీ. బడిలో చేర్చేటప్పుడు పంతులు తన లెక్కకు తోచిన తేదీ వేసిన తరం తెలుగునాట ఇంకా ఉంది. అసలు పుట్టుక ఏ వినాయకచవితి ముందో, పెద్ద గాలివాన వచ్చిన ఏడో. కాగితంలో మాత్రం జూన్ ఒకటో, జూలై ఒకటో. ఫోనులో అడిగినప్పుడు నిజం చెబితే తనిఖీలో తప్పినట్లే. పంతులు వేసిన తేదీ చెబితేనే మనిషి నిజమైనవాడు. పేర్ల విషయంలో అవస్థ ఇంకా ఎక్కువ. ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత రాసే తెలుగు సంప్రదాయం అమెరికా దరఖాస్తులలో తలకిందులవుతుంది. ఇంటిపేరు మొదటి గడిలో పడితే అదే పిలుపు పేరైపోతుంది. కన్నవారింటి పేరుతో సర్టిఫికెట్లు, అత్తవారింటి పేరుతో పాస్‌పోర్టు ఉన్న స్త్రీలు ఫోనులో ఏ పేరు చెప్పాలో ముందుగా ఆలోచించుకోవాలి. తడబాటును అవతలివారు అనుమానంగా తీసుకుంటారు. తనిఖీ పరిశీలించేది మనిషిని కాదు, మనిషికీ నమోదుకూ ఉన్న పొందికను. నమోదు తప్పయినచోట నిజాయతీపరుడే ఇబ్బంది పడతాడు. ఆ నమోదును చదివి వచ్చిన మోసగాడు తడబడడు.

7. బందరు బ్యాంకు నుండి ఓటీపీ దాకా

భారతదేశంలో క్రెడిట్ కార్డుల తొలి అధ్యాయంలో తెలుగువారి పేరుంది. భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టింది. ఆ తరం కార్డుకు భద్రత వెనుకనున్న చేవ్రాలే. దుకాణదారు కార్డును చిన్న యంత్రంలో ఉంచి కార్బను కాగితం మీద అచ్చు తీసి, సంతకాలు పోల్చి, చెల్లని కార్డుల జాబితా తిరగేసేవాడు. బందరులో పుట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

తరువాతి అధ్యాయాన్ని రిజర్వు బ్యాంకు రాసింది. 2009 ఆగస్టు నుండి ఇంటర్నెట్‌లో కార్డు వాడకానికి, కార్డుమీద కనిపించని అదనపు రహస్యం ఒకటి తప్పనిసరి అయింది. 2011లో ఫోను ద్వారా జరిగే చెల్లింపులకూ ఆ నియమం వర్తించింది. 2020 మార్చి 16 నుండి కొత్త కార్డులు దేశంలోని ఏటీఎంలలోనూ, దుకాణాల యంత్రాలలోనూ మాత్రమే పనిచేసేలా వస్తున్నాయి. ఇంటర్నెట్, విదేశీ వాడకం, తాకకుండా చెల్లించడం వంటివాటిని ఖాతాదారుడే తెరుచుకోవాలి. కార్డు ఒక్కసారిగా కాక గది తరువాత గదిగా మేల్కొంటుందన్నమాట. 2022 ఏప్రిల్ 21 నాటి ఆదేశాలు మరో అడుగు వేశాయి. ముప్పై రోజులు దాటినా కార్డు క్రియాశీలం కాకపోతే సంస్థ ఓటీపీ ద్వారా ఖాతాదారుని సమ్మతి అడగాలి. సమ్మతి రాకపోతే ఏ రుసుమూ లేకుండా ఖాతా మూసివేయాలి. కోరని కార్డు పంపి బిల్లు వేస్తే ఆ మొత్తాన్ని రద్దు చేయడమే కాక దానికి రెట్టింపు జరిమానా చెల్లించాలి. ఫ్రెస్నో కవరుకు అరవై ఏళ్ళు గడిచాక కూడా ఈ నియమం రాయవలసి వచ్చింది. మేల్కొలపడం ఇక్కడ కేవలం భద్రత కాదు, ఒప్పుకోలు కూడా.

ఓటీపీ జ్ఞాపకాల మీద ఆధారపడదు. తల్లి పేరూ, పంతులు తేదీ అక్కర్లేదు. ఆ మేరకు తెలుగు ఖాతాదారుడికి మేలు జరిగింది. కానీ అది చెబితే చేతులు మారే రహస్యం. ‘మీ కొత్త కార్డు యాక్టివేట్ చేస్తున్నాం, వచ్చిన నంబరు చెప్పండి’ అని పిలిచే దొంగ గొంతుకు ఆ లక్షణమే పెట్టుబడి. అసలు తనిఖీ ఎలా ఉంటుందో ఆ గొంతుకు బాగా తెలుసు. అదే మర్యాద, అదే వరుస, అవే ప్రశ్నలు. ప్రశ్నించేవాడికి జవాబు చెప్పి తీరాలని మూడు దశాబ్దాలుగా ఖాతాదారులను అలవాటు చేసిన బ్యాంకులు, ఇప్పుడు ఎవరికీ చెప్పవద్దని సందేశాలు పంపుతున్నాయి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు, ఖాతాదారుని బాధ్యతను రుజువు చేసే భారం బ్యాంకుదేనని స్పష్టం చేసింది. అదే ఉత్తర్వులో, రహస్య వివరాలను పంచుకోవడం వంటి అజాగ్రత్త వలన నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసే దాకా ఆ నష్టమంతా ఖాతాదారుడిదేనని కూడా ఉంది. మోసపోయి చెప్పిన ఆరంకెలు అజాగ్రత్త కిందికి వస్తాయా, రావా అన్నదే అనేక ఫిర్యాదులలో అసలు వివాదం. పింఛను డబ్బు పోగొట్టుకున్న వృద్ధుడికి ఆ ఒక్క పదం నిర్వచనం మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

8. ఎదురు ప్రశ్న

ఈ చరిత్రలో చాలాకాలం ప్రశ్న ఒకవైపు నుండే సాగింది. గుమాస్తా అడిగాడు, వలసకూలీ చెప్పాడు. బ్యాంకు అడిగింది, ఖాతాదారుడు చెప్పాడు. అశోకవనంలో ఆనవాలు అడిగింది మాత్రం సందేశం అందుకోవలసిన సీత. ఆమె అధికారంలో లేదు, చెరలో ఉంది. అయినా వచ్చినవాడెవరో తేల్చుకోనిదే నమ్మలేదు. ఫోను ఎత్తిన ఖాతాదారుడికి అలా ఎదురు ప్రశ్న వేసే సాధనం దశాబ్దాలపాటు లేదు.

2025 జనవరి 17న రిజర్వు బ్యాంకు జారీచేసిన ఉత్తర్వు ఆ దిశలో ఒక ప్రయత్నం. ఖాతా వ్యవహారాలకు, సేవలకు సంబంధించిన పిలుపులను బ్యాంకులు 1600తో మొదలయ్యే నంబర్ల నుండే చేయాలి. ప్రచారపు పిలుపులకు 140 వరుస వేరు. ఫోను తెరమీద ఆ అంకెలు కనిపించకపోతే అవతలిది బ్యాంకు కాదని ఖాతాదారుడు నిర్ణయించుకోవచ్చు. ఆ మాట ఇంటింటికీ చేరవలసి ఉంది. ఆ అంకెల అర్థమేమిటో ఖాతాదారులకు వారి భాషలో చెప్పే పని బ్యాంకుల మీద, పల్లెల్లో బ్యాంకు మిత్రల మీద ఉంది.